భూపాలపల్లి వరుసకు ఆకుపచ్చ రంగు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ, "కంప్యూటర్లకు మాసికలు ఏస్తది" అని చెప్తుంది. నేను ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాటే. ఇన్నేళ్లలో నా పని గురించి అంతకంటే సరిగ్గా చెప్పినవాళ్లు నాకు ఎదురుపడలేదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లలో రక్తపరీక్షల సెంటర్లు నడిపే ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తాను. రక్తాన్ని పరీక్షించే మిషన్ చెప్పేది రిపోర్టు అచ్చేసే కంప్యూటర్‌కు అర్థం కాదు. రిపోర్టును డాక్టర్ ఫోన్‌కు పంపేది ఇంకొకటి, దానికి ఈ రెండిటి మాటా తెలియదు. వీటన్నిటి మధ్యా మాటలు మోసే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది, ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్ అంటారు. అది సక్రమంగా నడిచినంత కాలం అలాంటిదొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు. కానీ అన్ని గదుల తలుపులూ దానికే తెలుసు. దొంగ అందులో దూరాడంటే ఇల్లంతా దూరినట్టే. అందుకని దానిలో ఎక్కడైనా కంత ఉందని తయారుచేసినవాళ్లు కబురు పెడితే, అదే రోజు ప్యాచ్ వేసి ఆ కంత మూసేయాలి. జనగామలో కూర్చుని మూడు ఊళ్లలోనూ ఆ పని చేయడం నా బాధ్యత.

ఆ పని నాకు నేర్పింది భూపాలపల్లి సెంటర్‌లోని సీనియర్ టెక్నీషియన్. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఆయన చదివింది రక్తపరీక్షల చదువు. కంప్యూటర్ ఎవరూ నేర్పలేదు. ఏదైనా చెడిపోతే హైదరాబాద్ నుంచి మనిషి రావడానికి రెండు రోజులు పట్టేది, ఆ రెండు రోజులు పేషెంట్ల చేత తిట్లు తినలేక తానే నేర్చుకున్నాడు. దసరా నాడు ఆ గదిలోని కంప్యూటర్‌కు కుంకుమ బొట్టు పెట్టి, దాని మీద రెండు జమ్మి ఆకులు ఉంచేవాడు. నేను కిసుక్కున నవ్వితే, "నవ్వు నవ్వు, అది నవ్వినప్పుడు నువ్వు ఏడుస్తవు" అనేవాడు.

ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ప్యాచ్ ఫైలు పెట్టుడు సగం పని గూడ కాదు చెల్లె. ఫైలు పెట్టాలె. సాఫ్ట్‌వేర్‌ను ఆపి మల్ల షురూ చెయ్యాలె. షురూ అయినంక వెర్షన్ నంబర్ మారిందా లేదా కండ్లతోని చూడాలె. మూడోది చూసేదాక అయిందని అనొద్దు."

ఆపి మళ్లీ మొదలుపెట్టకపోతే కొత్త ఫైలు డిస్కులో ఊరికే పడుంటుంది, నడుస్తున్నది మాత్రం పాతదే. కొత్త తాళం కొనుక్కొచ్చి గూట్లో పెట్టి, తలుపుకు పాతదే వేలాడదీసినట్టు.

మా హెడ్డాఫీసు సంగతి వేరు. కబురు వచ్చిన రోజు ఉదయం ఒక షీటు పంపుతారు. అందులో మూడు వరుసలు, మూడు ఊళ్లు. సాయంత్రానికి ఒక్కో వరుసకు ఎదురుగా "అయింది" అని రాసి ఆకుపచ్చ రంగు వేయాలి. రంగు పడకపోతే ఫోన్ల మీద ఫోన్లు. రంగు పడితే ఒక దండం బొమ్మ వస్తుంది, అంతే. ఎద్దు ఈనిందంటే గాట కట్టేయమనే రకం. పని అయిందా లేదా అని ఒక్కసారి కూడా ఎవరూ తెరిచి చూడలేదు. మేం కూడా తక్కువ తినలేదు. ముందు రంగు వేయడం, తర్వాత పని చేయడం మాకు అలవాటైంది. హాజరు రిజిస్టర్‌లో రేపటి సంతకం ఈరోజే గీకే ఆఫీసుల్లో పెరిగిన మాకు అది తప్పని కూడా అనిపించేది కాదు. మూడు ఊళ్లలో అలా చేయనిది అన్న ఒక్కడే.

రెండేళ్ల కిందట, శ్రావణమాసంలో ఒక శనివారం. కంత చాలా పెద్దదని, వెంటనే మూయమని కబురు వచ్చింది. మరునాడు మా ఊరు పెద్దవంగరలో పోచమ్మ బోనాలు. నేను నాలుగున్నర బస్సు ఎక్కాలి, అది తప్పితే తర్వాతి దాంట్లో నిలబడటానికి కూడా చోటుండదు. జనగామది పన్నెండుకల్లా చేశాను. మహబూబాబాద్‌ది మధ్యాహ్నం అన్నం తింటూ చేశాను. రెండుచోట్లా వెర్షన్ నంబర్ చూశాను. భూపాలపల్లికి మూడున్నరకు ఫైలు పంపి, ఇక ఆపి మొదలుపెడదామని అన్నకు ఫోన్ చేశాను.

"జర ఆగు చెల్లె. మిషన్ల నలభై ట్యూబులున్నయి. ఇప్పుడు ఆపితే నడుమల ఉన్న రిపోర్టులు ఆగమైతయి, మల్ల అందరికి సూది గుచ్చాలె. గంటల నేనే ఫోన్ జేస్త" అన్నాడు.

గంటసేపు ఆగితే నా బస్సు పోతుంది. షీటు తెరిచాను. భూపాలపల్లి వరుసకు ఎదురుగా "అయింది" అని రాసి ఆకుపచ్చ రంగు వేశాను. ఊరికి పోయాక ల్యాప్‌టాప్ తెరిచి చేద్దాంలే అనుకున్నాను. ఇంత చేసింది ఒక బస్సు కోసం. దానికి పెద్ద కారణం ఏదైనా ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది.

పాలకుర్తి దగ్గర బస్సులో ఉండగా, ఒక గంట ఆలస్యంగానైనా ఆయన మాట ప్రకారం ఫోన్ చేశాడు.

"మిషన్ ఖాళీ అయింది చెల్లె. ఇగ ఆపుకో."

బస్సు కిక్కిరిసి ఉంది. ఒళ్లో బ్యాగు, బ్యాగు మీద పక్కామె పిల్ల. ఆ పిల్ల నా ఫోన్ లాగుతోంది. నాకు చిరాకు వేసింది.

"అయిపోయిందన్న. ఇంతకుముందే చేసిన" అన్నాను.

"గట్లనా? రిపోర్టులు ఆగినట్టే అనిపియ్యలె."

"రెండు నిమిషాలే కదన్న."

"నంబర్ చూసినవా?"

"చూసిన."

"మంచిది. పైలంగ పో. అమ్మను అడిగిన్నని చెప్పు."

ఆయన లేచి పక్క గదిలోకి పోయి, ఒక్కసారి తెర వైపు చూస్తే వెర్షన్ నంబర్ కనిపించేది. చూడలేదు. ఎవరు చెప్పినా చూడకుండా ఊరుకోని మనిషి, నేను చెప్పాను కాబట్టి చూడలేదు.

ఊళ్లో బోనం ఎత్తుకున్నాను, చుట్టాలకు వడ్డించాను, ల్యాప్‌టాప్ జిప్పు కూడా తీయలేదు. సోమవారం జనగామలో ప్రింటర్ల గొడవ. మంగళవారానికి నేను వేసిన ఆకుపచ్చను నేనే నమ్మడం మొదలుపెట్టాను.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం అన్న ఫోన్ చేశాడు. రిపోర్టులేవీ తెరుచుకోవడం లేదని, వాటి ఫైళ్లన్నిటికీ ఎవరో తాళం వేశారని, తెర మీద ఇంగ్లీషులో ఏదో బెదిరింపు ఉత్తరం ఉందని చెప్పాడు. హైదరాబాద్ వాళ్లు నన్ను వెంటనే భూపాలపల్లి పొమ్మన్నారు. తాము వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దని, ఆపవద్దని, మొదలుపెట్టవద్దని మరీ మరీ చెప్పారు. దొంగ ఎటు నుంచి వచ్చాడో నడుస్తున్న కంప్యూటర్‌ను చూస్తేనే తెలుస్తుందట.

హన్మకొండలో బస్సు మారాను. పరకాల దాటాక నాకు గుర్తొచ్చింది. నలభై ట్యూబులు, ఆకుపచ్చ రంగు, బస్సులో పిల్ల. అన్నీ వరసగా గుర్తొచ్చాయి. దిగి ఎటైనా పోదామా అనిపించింది. భూపాలపల్లి వచ్చేదాకా, అన్నతో చెప్పేస్తాను, ముందు అన్నతో చెప్పేస్తాను అనుకుంటూనే ఉన్నాను.

సెంటర్‌లో ఇసుకేస్తే రాలనంత జనం. అన్న కౌంటర్ దగ్గర నిలబడి రిపోర్టులు చేత్తో రాస్తున్నాడు. నన్ను చూసి పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టు కనబడ్డాడు.

"అచ్చినవా. నేను నెట్టు వైరొక్కటే గుంజిన. దేన్ని ముట్టలే. నువ్వు గూడ ముట్టకు" అన్నాడు.

బెంచీ మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. మహదేవపూర్ అవతల ఏదో పల్లె. రెండు బస్సులు మారి రిపోర్టు కోసం వచ్చింది. అది చూపిస్తే తప్ప డాక్టర్ మందు రాయనన్నాడట. ఆ రిపోర్టు తాళం పడిన ఫైళ్లలో ఉంది. నిన్న ఇచ్చిన రక్తం మళ్లీ ఇవ్వాలని అన్న నచ్చజెప్తున్నాడు. ఆమె చేతులు ఎండిన చిక్కుడు తీగల్లా ఉన్నాయి, నరం ఎక్కడా దొరకడం లేదు.

"మల్ల గుచ్చుతవా బిడ్డా? నిన్న నాలుగు తాన్ల గుచ్చితివి" అంది ఆ అవ్వ. తిట్టలేదు. ఊరికే అడిగింది.

నేను లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేశాను. తెర మీద ఆ సాఫ్ట్‌వేర్ ఎప్పటి నుంచి ఆగకుండా నడుస్తోందో ఒక మూల రాసి ఉంటుంది. నూట అరవై రోజులు. దాని పక్కనే పాత వెర్షన్ నంబర్. మూడు వారాల కిందట ఆపి మొదలుపెట్టి ఉంటే అక్కడ ఇరవై ఒకటో, ఇరవై రెండో ఉండాలి. హైదరాబాద్ వాళ్లు వచ్చి ఆ మూల ఒక్కటి చూస్తే చాలు.

గోడ అవతల అన్న గొంతు వినబడుతోంది. "అయిపోయింది అవ్వా, గింతే, గింతే, పిడికిలి బిగవట్టు." హాల్లో ఫ్యాను టకటకా కొట్టుకుంటోంది.

నేను ఆపి మళ్లీ మొదలుపెట్టాను. రెండు నిమిషాలు పట్టింది. పాత నంబర్ పోయి కొత్తది వచ్చింది. రోజుల దగ్గర సున్నా వచ్చింది. డిస్కులో ప్యాచ్ ఫైలు మీద ఆ శనివారం తేదీయే ఉంది. సాఫ్ట్‌వేర్ ఎప్పుడు ఆగిందీ ఎప్పుడు మొదలైందీ రాసుకునే ఫైళ్లకు దొంగే తాళం వేసి పెట్టాడు. నేను చేసిన తప్పు ఆ గదిలో ఇక ఎక్కడా లేదు. ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణం హాయిగా అనిపించింది, ఆ హాయికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

అన్న లోపలికి వచ్చి, "ఏమన్న దొరికిందా?" అని అడిగాడు. చేతిలో అవ్వ రక్తం ఉన్న ట్యూబు.

"ఏం లేదన్న. చూస్తున్న" అన్నాను.

దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు నాలుగు రోజుల తర్వాత హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చారు. ఆ నాలుగు రోజులూ మేం చేత్తోనే రాశాం. వాళ్లు తెర చూశారు, ప్యాచ్ ఫైలు తేదీ చూశారు, షీటులో నా ఆకుపచ్చ రంగు చూశారు. నన్ను పిలిచారు. అన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఇది నాలుగు రోజుల కిందట, మీరు వచ్చిన రోజే రీస్టార్ట్ అయినట్టుంది. ఎవరు చేశారు?"

"ఎవరూ చేయలేదు సార్. కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు పాతవి, ఆగవు."

అబద్ధం అంత నున్నగా వస్తుందని నాకే తెలియదు. వాళ్లలో ఒకాయన నవ్వి, "కరెంటు తయారయ్యే ఊళ్లో కరెంటు పోవడమేంటండీ" అన్నాడు. రాసుకున్నాడు. మా దగ్గర కరెంటు పోయిందంటే సాక్ష్యం అడిగేవాళ్లుండరు. అన్న తలెత్తి ఒకసారి హాలు కప్పు వైపు చూసి, మళ్లీ దించుకున్నాడు.

కంత మూసే ఉంది కాబట్టి దొంగ ఇంకో దారిన వచ్చి ఉండాలని వాళ్లు వెతకడం మొదలుపెట్టారు. కౌంటర్ వెనక క్యాలెండర్ తిప్పితే దొరికింది. మూడు సెంటర్ల టెక్నీషియన్లందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్, అన్న గుండ్రటి చేతిరాతలో.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే పెట్టిన సార్. ఒకలు సెలవు మీద పోతే ఇంకొకలకు పని ఆగొద్దని."

"పెట్టిన," అని ఆ నవ్వినాయన రెండో ఆయనతో మెల్లగా అన్నాడు. ఆ యాస పలికి చూసుకుంటున్నట్టు అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఒళ్లు మండింది. అతన్ని చెంప మీద కొట్టాలనిపించింది. అన్నను వాళ్లు వెక్కిరించినందుకు కోపం తెచ్చుకోగలిగినదాన్ని, అన్నను కాపాడే ఒక్క మాట చెప్పలేకపోయాను. గుమ్మడికాయల దొంగ అనకముందే నా చేతులు భుజాల మీద ఉన్నాయి, అక్కడి నుంచి దించే ధైర్యం లేకపోయింది.

పది రోజులకు అన్నను పనికి రావద్దన్నారు. కాగితంలో నిర్లక్ష్యం అని రాశారు. నోటి మాటగా ఊళ్లో తిరిగింది వేరు. పాస్‌వర్డ్ అమ్ముకున్నాడన్నారు. మహబూబాబాద్‌లో ఒక ల్యాబు, హన్మకొండలో రెండు ల్యాబులు అదే విని ఆయన్ని గేటు దగ్గరి నుంచే పంపేశాయి.

ఒకసారి నాకు ఫోన్ చేశాడు.

"పని పోతే పోనియ్ చెల్లె. ఏదో ఒకటి చేసుక బతుకుత. గని అమ్ముకున్నడని అంటున్నరు. మా బాపు ముంగట అన్నరు. గదొక్కటే..." అని తండ్రి మాట దగ్గర ఆగిపోయాడు.

"నాకు తెల్సన్న నువ్వు అట్లాంటోనివి కాదని" అన్నాను. ఓదార్చాను! నేను చేసినవాటన్నిట్లో ఇదే నీచమైనదని నాకనిపిస్తుంది.

ఆయన వెళ్లాక భూపాలపల్లి సెంటర్ కంప్యూటర్ల బాధ్యత కూడా పూర్తిగా నాకే ఇచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటి నుంచి నేను ప్రతి ప్యాచ్‌కు మూడో మెట్టు రెండుసార్లు చూస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు అన్న పాఠమే చెప్తున్నాను. ఎవరు నేర్పారని అడిగితే అనుభవం అంటున్నాను.

ఆ ఏడాది దసరా మరునాడు టేకుమట్లకు పోయాను, ఆయన ఊరది. దసరాకు మా దగ్గర జమ్మి ఆకు తీసుకుపోయి పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. ఏడాదంతా మాటల్లేనివాళ్లు కూడా ఆ ఆకు ఇచ్చి కలిసిపోతారు. ఆ ఆకు చేతిలో పెట్టి చెప్పేద్దామని పోయాను. బస్సులో మాటలు కూడా పేర్చుకున్నాను.

ఆయన పక్కవాళ్ల పత్తి చేనులో మందు కొట్టి వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి మొహం కడుక్కుని, తువ్వాలతో చేతులు తుడుచుకుని, కుర్చీ వేశాడు. వదిన చాయ్ ఇచ్చి లోపలికి పోయింది. నేను జమ్మి ఆకు ఆయన చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను. తల మీద చేయి పెట్టి, "సల్లగ ఉండు" అన్నాడు.

"అన్నా, ఆ రోజు..." అన్నాను. పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

ఆయన ఆకు వైపు చూస్తూ, "నేను ఆ అవ్వకు రక్తం తీస్తున్నప్పుడు ఫ్యాను ఆగలే చెల్లె" అన్నాడు.

హాల్లో ఇన్వర్టర్ లేదు. కరెంటు పోతే ముందు ఆగేది ఆ ఫ్యానే.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. "మరి ఆ రోజు వాళ్ల ముంగట ఎందుకు చెప్పలేదన్న?"

"నువ్వు జెప్తవనుకున్న."

కోపంగా అనలేదు. మిషన్ ఖాళీ అయింది, ఇగ ఆపుకో అన్నప్పటి గొంతే. మళ్లీ ఆయనే అడిగాడు, "గిప్పుడన్న జెప్తవా? పని గురించి కాదు. మా బాపుకు వినపడాలె."

"చెప్తన్న" అన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక తెలిసింది, నా గొంతు పాలకుర్తి దగ్గర ఫోన్లో "చూసిన" అన్న గొంతేనని. హెడ్డాఫీసుకు ఉత్తరం రాశాను, పంపలేదు. ఇప్పటికీ ల్యాప్‌టాప్‌లో ఉంది. మొన్న చలికాలం ఆయన బాపు చనిపోయాడని మహబూబాబాద్ సెంటర్‌లో ఎవరో చెప్తే విన్నాను. పోలేదు.

ఇదంతా రాశాక మొదటి నుంచి చదువుకున్నాను. ఎక్కడా నా పేరు లేదు, ఆయన పేరు లేదు. ఆయన చదివితే మూడో మెట్టు దగ్గరే వేలు పెడతాడు, రాసినవు గని ఎవరికి వినపడ్డది చెల్లె అంటాడు. ఈ దసరాకు టేకుమట్ల పోలేదు.